మెరకా పల్లం తెలిసిన సేద్యం

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో వరి నాటలేదు. వానలు మొహం చాటేసి కాదు, కాలువలు ఎండిపోయి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి గోదావరి నీళ్లు తాగుతున్న చేలు అవి. అలాంటి చేలను రైతులు తమంతట తామే బీడు పెట్టి, దానికి పంట విరామమని పేరు పెట్టారు. అంతకు ముందు పండిన దాళ్వా (రబీ) ధాన్యానికి కొనే నాథుడు లేడు. బియ్యం ఎగుమతుల మీద నిషేధం ఆ సెప్టెంబరు దాకా తొలగలేదు. ఎరువుల ధరలూ కూలి రేట్లూ పెరుగుతుంటే క్వింటాలుకు 1,080 రూపాయల మద్దతు ధర ఖర్చుకే చాలలేదు. మురుగు కాలువలు పూడుకుపోయి సార్వా (ఖరీఫ్) పంట ఏటా నీళ్లలో నానుతోంది. ప్రభుత్వం మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది, కమిటీ కారణాలు విచారించింది. 2022లో కొన్ని మండలాల్లో మళ్లీ అదే మాట వినిపించింది.

రైతులు చెప్పిన కారణాలన్నీ నిజమే. కానీ ధాన్యం ధర పడిపోయిన ఏళ్లు పూర్వమూ ఉన్నాయి. 1930ల ఆర్థిక మాంద్యంలో డెల్టా ధాన్యానికి విలువే లేకుండా పోయింది. అప్పటి చేను గింజ కోసమే బతికే చేను కాదు. నాటకపోతే పశువుకు గడ్డి లేదు, పాకకు కప్పు లేదు, కూలికి కొలిచే గింజ లేదు, కొబ్బరి పాదులోకి పెంట లేదు. ఒక పని మానేస్తే పది పనులు ఆగిపోయే బతుకులో పంట మానడం లెక్కలో ఇమడదు. 2011 నాటికి ఆ పది పనులూ చేను నుంచి విడిపోయాయి. పాడి తగ్గింది, పాకలు పోయాయి, కూలి రొక్కమైంది, ఎరువు బస్తాలో వచ్చింది. చేనుకు మిగిలింది ఒక్క గింజ, ఆ గింజకు ఒక్క ధర. ఆ ధర చాలనప్పుడు చేను వదిలేయడం తప్పు లెక్కేమీ కాదు. కోనసీమలో అంతరించిన జీవన విధానం గురించి తలుచుకునేటప్పుడు మనం సాధారణంగా పచ్చదనాన్నీ పడవలనూ తాటాకు పందిళ్లనూ తలుచుకుంటాం. నిజంగా పోయింది పంటకూ పంటకూ మధ్య ఉన్న ఆ లంకె. వాతావరణం తీరు మారుతున్న ఈ కాలంలో మనకు అన్నిటికన్నా అవసరమైనదీ అదే.

ఆ లంకె ఎలా ఉండేదో తెలియాలంటే ముందు నేల తెలియాలి. గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చుకుంటూ పోయిన ఈ ముక్కోణపు సీమ కంటికి బల్లపరుపుగా కనిపిస్తుంది. కాలికి అలా అనిపించదు. నది తెచ్చిన ఒండ్రుతో తీరం దక్షిణానికి జరుగుతూ పోయినకొద్దీ వెనక మిగిలిపోయిన పాత తీరాల ఇసుక మెరకలు అమలాపురం ప్రాంతం నుంచి సముద్రం దాకా వరసలుగా ఉన్నాయి. ఆ మెరకల మీద ఊళ్లూ కొబ్బరి తోటలూ, వాటి నడుమ పల్లాల్లో వరి చేలు, చేల అంచున మురుగు పోయే కోడులు, నదుల లోపల వరద కొత్త మట్టి పరిచే లంకలు. ఎత్తులో మూరెడు తేడా ఒక పంటకూ మరో పంటకూ సరిహద్దు. ఇంటి స్థలం మెరక చేసుకోవడానికి తవ్విన గొయ్యి పెరటి చెరువయ్యేది. రాజోలు దీవికి నీళ్లు తీసుకెళ్లడానికి వైనతేయ మీద గన్నవరం దగ్గర కట్టిన అక్విడక్టు ఆనకట్ట కాలం నాటిదే. 49 ఖానాల ఆ కట్టడం మీదుగా కాలువే నదిని దాటి పోయింది. నీటిని తీసుకురావడంలో ఇంజనీర్లు అద్భుతం చేశారు. వచ్చిన నీటికి పోయే దారి చూపడం మాత్రం ఎక్కువగా నేల వాలు తెలిసిన ఊళ్ల పని. ఏ చేనుకు ముందు నీరు పెట్టాలి, ఏ గట్టు ఎప్పుడు కొట్టాలి, పోటు తగ్గి పాటు మొదలైన వేళ మురుగు ఎటు లాగుతుంది అన్నవి కాగితం మీద లేని చదువులు.

మెరక మీది తోట ఒక్క కొబ్బరి తోట కాదు. పైన కొబ్బరి, పోక. వాటి కింద పనస, మామిడి, నిమ్మ. ఆ కింద చక్కెరకేళీ, అమృతపాణి, కూరకు బొంత. ఇంకా కింద నీడలో పెరిగే కంద, పసుపు, అల్లం. చెట్టుకు పాకించిన మిరియమో తమలపాకో. దడి మీద బచ్చలి, గట్టున తాడి. కొబ్బరి చెట్టు తన కింద పడే ఎండనంతా మింగేయదు, దాని వేళ్లు ఎక్కువగా పాదు చుట్టూనే ఉంటాయి. మిగిలిన ఎండా మిగిలిన మట్టీ వృథా పోకుండా తోట అంతస్తులుగా పెరిగింది. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఎదురుచూడగలగడం కింది అంతస్తుల వల్లే సాధ్యమైంది. అరటి ఏడాదికి, కంద ఎనిమిది తొమ్మిది నెలలకు, పసుపు సంక్రాంతి దాటాక చేతికొచ్చేవి. ఒకదానికి తెగులు సోకితే ఇంకొకటి ఆదుకునేది. దీన్ని ఇప్పుడు బహుళ అంతస్తుల సేద్యమని శిక్షణ తరగతుల్లో బోధిస్తున్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం కొబ్బరిలో అంతర పంటల గురించి చెప్పేదీ ఇదే. రాయడం తెలియని రైతుల చేతుల్లో ఎన్నో తరాలు సాగిన ఈ పద్ధతికి శాస్త్రం ఆలస్యంగా ముద్ర వేసింది.

కోనసీమ వంటిల్లు ఈ అంతస్తుల వెంట నడిచింది. లేత పనసకాయను పొట్టు కొట్టి ఆవపెట్టిన కూర, కంద బచ్చలి, గెల కోసేసిన అరటి బోదెలోంచి తీసిన దూట, పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికిన పొట్టిక్కలు, అన్నిటిలోకీ కొబ్బరి. ఈ జాబితాలో బజారు నుంచి రావలసినవి ఎంత తక్కువో చూడండి. పైగా ఇందులో సగం వస్తువులు అమ్ముకోవడానికి పండించినవి కావు. అరటి గెల అమ్మాక మిగిలిన బోదె, ముదరక ముందే పలచన చేయడానికి కోసిన పనసకాయ, తిన్న తాటిపండు టెంకను పాతరేస్తే సంక్రాంతి నాటికి వచ్చే తేగ. మిగులులోంచి రుచి పుట్టించిన వంట ఇది. నదికి ఎర్రనీరు తగిలాక సముద్రం నుంచి ఎదురీదే పులస కూడా ఆ రుతుచక్రంలోదే. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ, 1909లో కన్నుమూసే దాకా, ఏ వేళకు ఎవరొచ్చినా వండి వడ్డించిందని ఈ సీమ అంతా చెప్పుకుంటుంది. గన్నవరం కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. ఆ దానగుణం ఆమెది. అయితే వేళ కాని వేళ వచ్చిన మనిషికి విస్తరి వేయగల ఇల్లు వెనక, ఏ నెలలోనూ పూర్తిగా ఖాళీ కాని పెరడు ఉండాలి. దాతృత్వాన్ని కీర్తించే మనం దాని వెనకున్న నేలను మరిచిపోతున్నాం.

పల్లంలో కథ వేరు. సార్వాలో అక్కుళ్లు, ఆత్రగడ, కృష్ణకాటుకల వంటి పొడుగు రకాలు వేసేవారు. ఎదిగే కాలం ఎక్కువ, దిగుబడి తక్కువ, ఎరువు ఎక్కువైతే పడిపోయే గుణం. అయితే గడ్డి నిలువెత్తు. ఆ గడ్డి మేటుగా పడితే పశువులకు ఏడాది మేత, పాకకు కప్పు, ధాన్యం దాచే పురికి తాడు. వరి కోతకు ముందే తడి ఆరని చేలో మినుములో పెసలో చల్లితే ఆ చెమ్మతోనే పండేవి. ఆ పైరు వేళ్లు నేలకు నత్రజని ఇచ్చి వెళ్లేవి. కాలువలు కట్టేసిన ఎండకాలంలో బోదెల పూడిక తీసి గట్ల మీద వేసుకునేవారు. తొలకరికి ముందు జీలుగో జనుమో వేసి దున్నేసేవారు. చేలోకి వచ్చిన నీటితోపాటు కొరమేను, మట్టగిడస, ఇంగిలాయి, చిన్న రొయ్య వచ్చేవి. ఆ చేపలు ఎవరి ఆస్తీ కావు. కోత అయ్యాక రాలిన పరిగె ఏరుకోవడానికి భూమి లేని ఆడవాళ్లు చేలలోకి దిగేవారు. ఒకే ఎకరం నుంచి యజమాని, కౌలుదారు, కూలి, పశువు, తోట, తలా కొంత తీసుకునేవి. దిగుబడిని బస్తాల్లోనే కొలిచే లెక్కలోకి వీటిలో ఏదీ రాదు.

ఇంకొకటి కూడా ఉండేది, వేచి ఉండగల శక్తి. ధాన్యం పురిలో, కొబ్బరి అటక మీద. కాయను నెలల తరబడి అటక మీద ఆరనిస్తే లోపలి నీరు ఇంకి గుడ్డు చిప్ప వదిలి కురిడీ అవుతుంది. అంబాజీపేట మార్కెట్‌లో కురిడీని గండేరా, గటగట అని వేరువేరుగా ధర కట్టి కొనే అలవాటు ఇప్పటికీ ఉంది. పచ్చికాయ ధర లేనప్పుడు అటకెక్కించి, కురిడీ ధర వచ్చాక దింపుకునే వీలు రైతు చేతిలో ఉండేది. నిజానికి ఇది అందరికీ ఉన్న వీలు కాదు, అటక ఉన్న ఇంటికే. అయినా ఊరిలో కొందరైనా వేచి ఉండగలిగినప్పుడు వర్తకుడి మాట ఒక్కటే చెల్లదు. కోత యంత్రం చేలోనే గింజ రాల్చి, పచ్చి ధాన్యం అదే రోజు లారీ ఎక్కే ఇప్పటి పద్ధతిలో, తేమ శాతం చూసి ధర కోసేవాడిదే పైమాట. నవంబరులో వాన పడితే ఆ రైతుకు దాచుకునే చోటూ లేదు, ఆరబెట్టే కల్లమూ లేదు.

ఇదంతా ఎలా పోయిందని అడిగితే విత్తనం వల్ల అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. నాకు ఆ మాట సరైనదిగా తోచదు. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ ఈ దేశంలో ఎన్ని ఇళ్లలో అన్నం పెట్టిందో లెక్క కట్టడం కష్టం. నష్టం ఆ విత్తనం చేసింది కాదు. అన్ని చేలలో, రెండు పంటకాలాల్లో, అదే పంటను, అదే వేళకు వేయాలన్న ఏర్పాటే ఆ నష్టం చేసింది. సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి దిగే నీళ్లు ఆసరా అయ్యాక దాళ్వా వరి విస్తరించింది. అపరాలు చేలలోంచి వేసవి మూలకు జరిగాయి, చాలాచోట్ల మాయమయ్యాయి. కాలువలు కట్టేసే కాలం కుదించుకుపోయి పూడికతీతకు వ్యవధి మిగల్లేదు. పొట్టి రకాలకు నీరు రోజుల తరబడి నిలిస్తే ప్రాణాంతకం. పొడుగు రకాలు ఓర్చుకున్న ముంపు ఇప్పుడు నష్టమై కూర్చుంది. అంటే మురుగు కాలువ అవసరం పెరిగిన కాలంలోనే మురుగు కాలువను పట్టించుకోవడం మానేశాం. కృష్ణా గోదావరి డెల్టాల్లో మురుగునీటి పారుదల కోసం ప్రత్యేకంగా సెస్సు వసూలు చేసే చట్టం 1968లోనే వచ్చింది. సమస్య అప్పటికే అంత స్పష్టం. అయినా కాలువల మీద పెట్టిన శ్రద్ధలో కొంచెమైనా కౌశిక, కూనవరం, వాసాలతిప్ప డ్రెయిన్ల మీద పెట్టి ఉంటే పంట విరామం ఉద్యమ పత్రాల్లో ముంపు అంత ముందు వరసలో ఉండేది కాదు. తూడు, గుర్రపుడెక్క, ఆక్రమణలు, వ్యర్థాలు కలిసి డ్రెయిన్లను ఇరుకు చేశాయి. సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసింది.

మొగ పూడితే వాననీరు బయటికి పోదు. మొగ దగ్గర తలుపులు పాడైతే పోటు నీరు లోపలికి వస్తుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట, కేశనపల్లి చుట్టుపక్కల, కొబ్బరి చెట్లు తలలు రాలి మొండాలుగా నిలబడ్డ దృశ్యం 2025లో రాష్ట్రమంతా చూసింది. ఉప్పునీరు పాదుల్లోకి చేరి వేరు చచ్చిన తోటలు అవి. కొబ్బరి ఉప్పుగాలిని తట్టుకుంటుంది, పోటూ పాటుతో కదిలే కొద్దిపాటి ఉప్పునూ తట్టుకుంటుంది. కదలకుండా నిలిచిన ఉప్పునీటిలో మాత్రం బతకదు. ఇది ఒక్క డ్రెయిన్ తప్పు కూడా కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1970లలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. పైన కట్టిన జలాశయాలు మట్టిని ఆపేశాయి. 1976, 2001 సంవత్సరాల మధ్య డెల్టా అంచున సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రం నికరంగా తినేసింది. నది కట్టిన సీమకు నది మట్టి ఇవ్వడం మానేసింది, సముద్రమట్టం పైకి వస్తోంది. ఈ రెంటి మధ్య ఉప్పుకూ మంచినీటికీ సరిహద్దు గీసే పని మొగల మీదా డ్రెయిన్ల మీదా గట్ల మీదా పడింది. సరిగ్గా అక్కడే మన నిర్లక్ష్యం ఉంది.

తుఫాను కూడా కొత్తది కాదు, ఈ సీమకు చిరకాల పరిచయం. అయితే అది వచ్చిన ప్రతిసారీ ఒక్క పంట మీద ఆధారపడిన వాళ్లనే ఎక్కువ దెబ్బ కొట్టింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కోతకు వచ్చిన వరి, నిండు కాపులో ఉన్న కొబ్బరి ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకల్లో కూరగాయలనూ అరటినీ ముంచేసింది. 1986 ఆగస్టు వరద అంతకంటే పెద్దది, కానీ 2022ది నెల ముందుగా, నారుమళ్ల వేళకే వచ్చింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను కోసిన పనలను నానబెట్టింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో తీరం దాటింది, అప్పటికి సార్వా గింజ పాలు పోసుకుంటోంది. తేదీలు చూడండి, జులై, అక్టోబరు, నవంబరు, డిసెంబరు. నారు వేసిన నాటి నుంచి కుప్ప వేసే దాకా ఏ నెలా నిబ్బరంగా లేదు. ఇలాంటి కాలంలో ఒక ఇంటి సంపాదన మొత్తం ఒకే తేదీన కోతకు వచ్చేలా పెట్టుకోవడం కన్నా ప్రమాదం ఏముంది? పాత తోటలోనూ గాలికి కొబ్బరి పడేది. పడని కంద నేలలో ఉండేది.

పురుగుల సంగతీ ఇంతే. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొద్ది నెలల్లోనే గోదావరి కొబ్బరికి చేరింది. ఆకుల కింద తెల్లటి చుట్టలు, పైన నల్లటి మసి. చాలామంది మొదట మందు కొట్టారు. మందు దోమతోపాటు దాన్ని తినే పురుగులనూ చంపేసింది. అంబాజీపేట కేంద్రం మందులు తగ్గించి పరాన్నజీవులనూ మేలుచేసే శిలీంద్రాన్నీ వదలమని చెప్పాల్సి వచ్చింది. రకరకాల చెట్లున్న తోటలో పురుగును తినే పురుగుకు ఏడాది పొడవునా నిలవ నీడ ఉంటుంది. ఒకే చెట్టున్న తోటలో చీడకు భోజనం, దాని శత్రువుకు ఆకలి.

ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం గట్టిదే. పాత రకాలతో ఇప్పటి జనాభాకు అన్నం పెట్టగలమా అని. పెట్టలేం. అక్కుళ్ల దగ్గరికి తిరిగి వెళ్లమని ఎవరైనా అంటే ఆ మాట వినకూడదు. కానీ పాత విత్తనం, కొత్త శాస్త్రం శత్రువులని అనుకోవడమూ పొరపాటే. స్వర్ణ-సబ్1 అనే వంగడం 2009లో మన రైతులకు అందింది. తల్లి మన మారుటేరు స్వర్ణ. అందులో కలిపిన ముంపును తట్టుకునే గుణం ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడిన ఒక నాటు రకం నుంచి వచ్చింది. రెండు వారాలు పూర్తిగా మునిగినా బతికి లేచే శక్తి ప్రయోగశాలలో పుట్టలేదు, ముంపు చేలలో పుట్టింది. ప్రయోగశాల దాన్ని గుర్తించి, ఎక్కువ దిగుబడికి జత చేసింది. ఆత్రేయపురం పూతరేకులు కూడా అలాంటివే. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మిఠాయికి కావలసింది ప్రాచీన ధాన్యమేమీ కాదు, హరిత విప్లవం నాటి జయ రకం బియ్యం, బోర్లించిన కుండ, ఆడవాళ్ల చేతివాటం. పాతదాన్ని పాతదిగా పూజించడం కాక, ఏది ఎందుకు పనికొచ్చిందో అడగడమే సరైన పద్ధతి.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఆ పాత జీవనం ఎవరికి తియ్యగా ఉండేది? మెరక ఎవరిది, పల్లం ఎవరిది? తోటలూ అటకలూ ఉన్నది కొన్ని కులాల ఇళ్లలో. పాలేరుగా ఏడాదికి ఇన్ని బస్తాలకు కట్టుబడింది, వరద వచ్చినప్పుడు ముందుగా మునిగింది, పెరటి బావి దగ్గరికి రాకూడదని ఆంక్ష ఎదుర్కొన్నది దళితులు. పరిగె ఏరుకోవడం హక్కులా కనిపించినా, దాని వెనకున్నది ఆకలి. ఈ నిజాన్ని దాచి రాసే జ్ఞాపకానికి విలువ లేదు. చదువూ రిజర్వేషన్లూ గల్ఫ్ వలసలూ ఆ కట్టుబాటును సడలించాయి, అది మంచిది, దాని మీద ఎవరూ కన్నీరు కార్చనక్కర్లేదు. కానీ ఒక విషయం గమనించాలి. వ్యవస్థ మారినప్పుడు పెద్ద కమతాలు అంతగా నష్టపోలేదు. చేలో చేప, గట్టు మీద గడ్డి, కోడులో రొయ్య, రాలిన మట్ట, ఇవి పేదల తిండి, పేదల పొయ్యి. పురుగుమందు వచ్చాక చేలో చేప పోయింది. చెరువులకు గట్లు కట్టి కంచె వేశాక కోడు పరాయిదైంది. అన్యాయం తగ్గిన మేరకు పేదలకు దక్కాల్సిన ఉమ్మడి వనరు కూడా అదే కాలంలో కరిగిపోయింది. కాబట్టి పాత కాలపు బహుళత్వాన్ని తిరిగి తెచ్చుకోవడమంటే పాత పెత్తనాన్ని తెచ్చుకోవడం కాదు. ఈసారి ఆ మెరక వాటా అందరికీ ఉండాలి.

మూడోది ఆక్వా. వరి మీద రాని ఆదాయం రొయ్య మీద వస్తుంటే ఎవరు ఆపగలరని అడుగుతారు. ఆదాయం నిజం. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కురిపించిన డబ్బూ నిజం, వెంటనే తెల్లమచ్చ తెగులుతో ఖాళీ అయిన చెరువులూ నిజం. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ చేలు చెరువులయ్యాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు యాభై శాతానికి చేరినప్పుడు అల్లవరం, కాట్రేనికోన చెరువుల గట్ల మీద ఆ దెబ్బ అదే వారం తెలిసింది. వరికి ఒక్క ధర ఉందని వాపోయిన సీమ ఇంకా దూరంలో నిర్ణయమయ్యే మరో ఒక్క ధరకు తలవంచింది. పైగా ధాన్యం నష్టపోయిన రైతు మరుసటి ఏడు మళ్లీ నాటగలడు. ఉప్పు ఎక్కిన చేను, దాని పక్కన ఉప్పు ఊరిన కొబ్బరి తోట ఎన్నేళ్లకు కోలుకుంటాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. చెరువు లాభం ఒకరిది, ఊట నష్టం పక్కవాడిది. రొయ్యకు నేను వ్యతిరేకిని కాను. కేరళలో పొక్కాలి చేలున్నాయి. వానకాలంలో ఉప్పు కడిగిపోయాక ఉప్పును తట్టుకునే వరి, కోతయ్యాక అదే చేలో పోటు నీటితో వచ్చే రొయ్య. వరి మొదళ్లు కుళ్లి రొయ్యకు మేత, రొయ్య విసర్జన మరుసటి వరికి ఎరువు. అదే రాష్ట్రంలో సముద్రమట్టానికి దిగువన సాగే కుట్టనాడ్ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచ ప్రాధాన్య వారసత్వంగా గుర్తించింది. పొక్కాలిలోనూ కష్టాలున్నాయి, కూలీలు దొరకరు, గట్ల ఖర్చు ఎక్కువ. అయినా ఉప్పునూ మంచినీటినీ కాలాన్ని బట్టి పంచుకోవచ్చని ఆ చేలు చూపిస్తున్నాయి. సముద్రానికి దగ్గర పల్లాలకు ఆ దారి, కాలువ చివరి తీపినేలకు చెరువు వద్దన్న కట్టుబాటు, రెండూ ఒకే జిల్లాలో పక్కపక్కన ఉండవచ్చు.

వాతావరణ మార్పు అమలాపురంలో పుట్టలేదు, అమలాపురం దాన్ని ఆపలేదు, మరి ఊరి స్థాయిలో ఈ తాపత్రయం దేనికి అని చివరి ప్రశ్న. తుఫానును ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. తుఫాను వెళ్లిన మూడో రోజున చేలో నీరు ఉంటుందా పోతుందా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి సేద్యం ఏడాది పొడవునా నేల మీద పచ్చకప్పు ఉండాలని, వరికి ముందు నవధాన్యాలు చల్లాలని చెబుతోంది. జీలుగ, పిల్లిపెసర వేసిన పాత చేతులకు అది కొత్త పాఠం కాదు. దీన్ని అనుసరించడానికి శ్రమ ఎక్కువ పడుతుంది, ఆ శ్రమకు తగ్గ కూలి ఇవ్వగల ధర రైతుకు రావాలి. అసలు చిక్కు మరోచోట ఉంది. కోనసీమలో చేను దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానంది, అందుకు 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టని యజమానులే ఎక్కువ. కార్డు లేకపోతే పంట రుణం లేదు, నష్టపరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. పదకొండు నెలల మనిషి ఆరేడేళ్లకు కాపుకొచ్చే చెట్టు ఎందుకు నాటుతాడు? పనస ఎందుకు పెంచుతాడు, పచ్చిరొట్ట వేసి మరొకరి నేలను ఎందుకు బలపరుస్తాడు? పాత తోటలోని అంతస్తులన్నీ నేల మీద దీర్ఘకాల నమ్మకంతో లేచినవి. ఆ నమ్మకాన్ని కాగితం మీద ఇవ్వకుండా అంతర పంటల మీద ఎన్ని శిక్షణలు పెట్టినా తోట ఒకే అంతస్తులో ఉండిపోతుంది.

శంకరగుప్తం వెంట చచ్చిన చెట్ల చోట కొత్త మొక్కలు ఇవ్వాలన్న కోరిక న్యాయమైనదే. కానీ మొగ తవ్వి తలుపులు బాగు చేయకుండా నాటితే ఆ మొక్కకూ అదే గతి. తొలకరికి ముందే మొగ బాగైతే, వానకాలాలు పాదుల్లోని ఉప్పును మెల్లగా కడుగుతాయి. ఆ తరవాత నాటిన కొబ్బరి కాపుకొచ్చే లోపు ఆ నీడలో ఎవరు కంద వేయాలి, ఆ కంద ఎవరి పేరు మీద నమోదు కావాలి అన్నది ముందే రాసుకోవలసిన సంగతి.